అమ్మకం మీది, మరమ్మతు మాది: లినక్స్‌లో ఆటలు ఆడేవారి తరఫున బహిరంగ లేఖ

కంప్యూటర్ ఆటల ప్రచురణ సంస్థలకు, యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టుకునే) సాఫ్ట్‌వేర్ తయారీదారులకు, గ్రాఫిక్స్ కార్డులు, చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరాలు తయారుచేసే కంపెనీలకు,

నమస్కారం.

ఆటల కోసమే రూపొందించిన ఒక లినక్స్ డిస్ట్రోలో, అంటే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కు ఒక కూర్పులో, నాలుగేళ్లుగా వాడుకరుల సందేహాలకు జవాబులు చెబుతున్న స్వచ్ఛంద కార్యకర్తను నేను. జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంది, ఇది రాత్రిళ్లు చేసే పని. మీలో కొందరు చేసిన మేలు నేను మరచిపోలేదు, దాని ప్రస్తావన కూడా ఈ లేఖలో వస్తుంది. అయినా ఇలా అందరి ముందుకూ రావలసి వచ్చింది. గత ఏడాదిలో మా బృందం తరఫున మూడు కంపెనీల సహాయ విభాగాలకు విడివిడిగా రాశాం. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు యంత్రం పంపే జవాబు పంపారు. మూడోవారు మాత్రం ఓపిగ్గా, "దయచేసి మీ డిస్ట్రో తయారుచేసినవారిని సంప్రదించండి" అన్నారు. ఆ తయారుచేసినవారం మేమేనని మొదటి వాక్యంలోనే చెప్పుకుని రాసిన ఉత్తరానికి వచ్చిన జవాబు అది.

ఈ రంగంతో పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది. దాన్ని ఆధారం చేసుకుని, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్‌ను 2018 ఆగస్టులో విడుదల చేసింది. ప్రోటాన్‌కు ప్రాణం పోసిన డీఎక్స్‌వీకే, అంటే విండోస్ ఆటలు బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను లినక్స్‌లోనూ పనిచేసే వల్కన్‌లోకి మార్చే పొర, ఒకే ఒక్క ప్రోగ్రామర్ తాను ఆడాలనుకున్న ఆట కోసం మొదలుపెట్టుకున్న పని. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ వచ్చింది. 2025 అక్టోబరు స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ స్టీమ్ వాడేవారి సంఖ్య కోట్లలో ఉందని గుర్తుంచుకుంటే ఈ 3 శాతం ఎంతమందో మీ అమ్మకాల విభాగాన్ని అడిగితే చెబుతారు.

ఈ జనంలో చాలామంది బజైట్, నోబారా, క్యాచీఓఎస్, కిమెరాఓఎస్ లాంటి డిస్ట్రోల ద్వారా వచ్చారు. ఫెడోరా, ఆర్చ్ అనే పెద్ద డిస్ట్రోల మీద కట్టిన ఇళ్లు ఇవి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌కు కొత్త మార్పులు కలపడం, మెసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్లను తాజాగా ఉంచడం, కంట్రోలర్ గుచ్చగానే పనిచేసేలా చూడడం, టీవీకి కలిపితే నేరుగా ఆటల తెర వచ్చేలా అమర్చడం వీటి పని. ఇంత చేసేది చాలాచోట్ల వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. ఏదైనా ఆట ఆగిపోతే ఆటవాళ్లు డిస్ట్రోను చూపిస్తారు. డిస్ట్రోవాళ్లు డ్రైవర్‌ను, డ్రైవర్ రాసినవాళ్లు కెర్నల్‌ను చూపిస్తారు. ఎవరికి వారే యమునా తీరే. మధ్యలో డబ్బు పెట్టి కొనుక్కున్న మనిషి నిలబడి ఉంటాడు.

ఆ మనిషికి ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. ఫిర్యాదులో విషయం కన్నా ఆపరేటింగ్ సిస్టమ్ పేరే ముందు చదువుతున్నారు.

ఒక ఆటలో మెనూ తెరిచి ఉండగా యూఎస్‌బీ హెడ్‌ఫోన్ తీగ లాగితే ఆట మొత్తం మూతపడుతోందని మా వాడుకరి ఒకరు చెప్పారు. ఆయన దగ్గర ప్రోటాన్ లాగ్, అంటే ఏం జరిగిందో వరుసగా నమోదయ్యే ఫైలు, తీయించాం. 40,000 వరుసల ఫైలు అది. ఇద్దరం కూర్చుని చివరినుంచి పైకి చదువుకుంటూ వెళ్తే విషయం దొరికింది. శబ్ద పరికరం లేదని ప్రోటాన్ సరిగ్గానే చెబుతోంది. ఆ జవాబును చూసుకోకుండా ఆట లేని పరికరం కోసం చెయ్యి చాస్తోంది. అంటే లోపం ఆటలోనే ఉంది. లాగ్‌లో ఆ భాగం కత్తిరించి, వివరణ రాసి, కంపెనీకి పంపాం. "మీరు వాడుతున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు మా మద్దతు లేదు" అని ఒక్క వాక్యంతో ఫిర్యాదు మూసేశారు.

మా బృందంలో విండోస్ కూడా ఉన్న ఒకామె అదే ఆటను అక్కడ తెరిచి, అదే మెనూలో, అదే తీగ లాగి చూశారు. అక్కడా మూతపడింది. ఆమె తన పేరుతో, విండోస్ అని రాసి, మా వివరణనే మళ్లీ పంపారు. రెండు రోజుల్లో కంపెనీవారు కృతజ్ఞతలు తెలిపారు, తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు. మంచిదే. అయితే మొదటి ఫిర్యాదు మూసేసిన రోజుకూ సరిచేసిన రోజుకూ మధ్య ఆ ఆట ఎంతమంది విండోస్ వాడుకరుల కంప్యూటర్లలో ఆగిపోయి ఉంటుందో ఆలోచించండి. లినక్స్ వాడేవారు లాగ్ తీయడం తెలిసినవారు, ఓపిక ఉన్నవారు. జీతం తీసుకోకుండా మీ ఆటను పరీక్షిస్తున్నవారు. వాళ్లను గుమ్మంలోనే ఆపేస్తే నష్టం మీకే.

2. యాంటీచీట్ పేరుతో, నిన్న పనిచేసిన ఆట ఈ రోజు పనిచేయకుండా పోతోంది.

మోసగాళ్ల బెడద నిజమైనదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే మా సోదరులతో నాకు పేచీ ఉంది. గోడల వెనక మనిషి కనిపించే ప్రోగ్రాము పెట్టుకుని ఆడేవాడి వల్ల న్యాయంగా ఆడే పదిమంది విసిగి వెళ్లిపోతారు. వాళ్లలో మా లినక్స్‌వాళ్లూ ఉంటారు. కెర్నల్ లోతుల్లోకి వెళ్లి కాపలా కాసే పద్ధతి లినక్స్‌లో మీకు కుదరకపోవచ్చు. కుదరదని మీరు నిర్ణయిస్తే అది మీ హక్కు. ఆ నిర్ణయాన్ని ఎప్పుడు చెబుతున్నారు, ఎలా చెబుతున్నారు అన్నదాని మీదే నా ఫిర్యాదు.

ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు యాంటీచీట్ సాఫ్ట్‌వేర్లూ ప్రోటాన్‌లో పనిచేస్తాయని 2021లోనే ప్రకటించారు. బ్యాటిల్‌ఐ విషయంలో ఆట తయారీదారు ఒక మాట చెబితే చాలని, వేరే పని ఏమీ అక్కర్లేదని వాల్వ్ అదే ఏడాది చెప్పింది. ఆ మాట నమ్మి జనం పరికరాలు కొన్నారు. 2024 సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్ ఆటకు బ్యాటిల్‌ఐ చేర్చారు, ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అంతవరకూ స్టీమ్ డెక్‌లో ఆడినవారు ఆ రోజు నుంచి కథ భాగానికే పరిమితమయ్యారు. అక్టోబరు 31న ఎపెక్స్ లెజెండ్స్ అనే ఆటకు లినక్స్ ద్వారాలు మూశారు. లినక్స్‌కున్న స్వేచ్ఛే మోసగాళ్లకు ఆసరా అవుతోందని కారణం చెప్పారు. కారణం చెప్పినందుకు వారిని మెచ్చుకోవాలి, చెప్పనివారే ఎక్కువ. ఆ ఆట ఉచితమే కానీ అందులో వేషాలు, తుపాకీ రంగులు ఉచితం కావు. కొన్నేళ్లుగా కొనుక్కున్నవన్నీ ఖాతాలో భద్రంగా ఉన్నాయి, చూసుకోవడానికి మాత్రం విండోస్ కావాలి.

డబ్బు తిరిగి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. 2020 మార్చిలో రాకెట్ లీగ్ లినక్స్‌కు, మ్యాక్‌కు మద్దతు ఆపినప్పుడు, ఆ రెండింటిలో ఆడినవారికి డబ్బు వెనక్కి తీసుకునే వీలు కల్పించారు. అప్పుడు చేయగలిగినది ఇప్పుడెందుకు చేయరు?

3. పరికరం అమ్మినవారి పని పరికరం చూడనివారు చేస్తున్నారు.

ఒక చేతి పరికరం వెనకవైపున్న రెండు బటన్లు కెర్నల్ అప్‌డేట్ తర్వాత పనిచేయడం మానేశాయి. ఆ పరికరం మా బృందంలో ఎవరి దగ్గరా లేదు. వేరే దేశంలో చదువుకుంటున్న ఒక అబ్బాయి దగ్గర ఉంది. పాత కెర్నల్‌కూ కొత్త కెర్నల్‌కూ మధ్య పదివేలకు పైగా మార్పులు ఉంటాయి. ఏ మార్పు వల్ల చెడిందో పట్టుకోవాలంటే మొత్తాన్ని సగానికి విరిచి, కెర్నల్ కట్టి, పరికరంలో ఎక్కించి, బటన్ నొక్కి చూడాలి. ఫలితాన్ని బట్టి ఏదో ఒక సగాన్ని వదిలి మిగిలిన సగాన్ని మళ్లీ విరవాలి. మేం కట్టి పంపుతున్నాం, ఆ అబ్బాయి నొక్కి చెబుతున్నాడు. "పనిచేసింది." "లేదు." "లేదు." "ఇప్పుడు ఎడమది మాత్రమే." అలా 14 సార్లు. మధ్యలో అతను రెండుసార్లు నిద్రపోయాడు. తప్పు లేదు, మర్నాడు పరీక్ష ఉందని చివర్లో చెప్పాడు.

తేలింది ఏమిటంటే, పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, ఆ బటన్లకు పంపే సంకేతం, డ్రైవర్ ఎదురుచూసే సంకేతం వేరువేరు. తయారీదారు దగ్గర ఆ సంకేతాల పట్టిక ఉంటుంది. ఒక పేజీ. అది పంపి ఉంటే పది నిమిషాల పని.

ఫ్యాన్ వేగం, బ్యాటరీ పరిమితి, తెర తిరిగే దిక్కు, అన్నిటిదీ ఇదే కథ. ఇంకా విచిత్రం, కొన్ని పరికరాల బయోస్ (కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలంటే విండోస్ ఉండాలి. విండోస్ వద్దనుకుని తీసేసినవారు అప్‌డేట్ కోసం దాన్ని మళ్లీ ఎక్కించి, మళ్లీ తీసేయాలి. ఇలా ఉండనక్కర్లేదని రుజువు చేసినవారూ ఉన్నారు. లెనోవో 2025లో లీజియన్ గో ఎస్ అనే చేతి పరికరాన్ని వాల్వ్ రూపొందించిన లినక్స్, స్టీమ్‌ఓఎస్‌తో నేరుగా అమ్మకానికి పెట్టింది. వాల్వ్ కాకుండా మరో కంపెనీ అధికారికంగా అలా చేయడం అదే మొదలు.

టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగల ప్రమాణాలు నిర్ణయించే హెచ్‌డీఎంఐ ఫోరమ్ వారికి కూడా ఒక మాట. మీ 2.1 ప్రమాణానికి గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఏఎండీ ఇంజనీర్లు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించే) డ్రైవర్‌లో మద్దతు సిద్ధం చేస్తే మీరు ఒప్పుకోలేదని 2024లో బయటికొచ్చింది. కార్డులో సామర్థ్యం ఉంది, తీగకు ఉంది, టీవీకి ఉంది. మూడింటికీ డబ్బు కట్టిన మనిషికి మాత్రం 4కెలో సెకనుకు 120 ఫ్రేములు పూర్తి రంగులతో చూసే యోగం లేదన్నారు. ఆ డ్రైవర్‌ను దాచిపెట్టి ఎవరిని కాపాడుతున్నారో చెప్పగలరా?

4. పునాది మీద భారం పెరుగుతోంది. ఆటల డిస్ట్రోలు వేరే డిస్ట్రోల భుజాల మీద నిలబడ్డాయి. 2019లో ఉబుంటు డిస్ట్రో, పాతతరం ప్రోగ్రాములకు కావలసిన 32-బిట్ ప్యాకేజీలు మానేస్తామంది. స్టీమ్, పాత ఆటలు వాటి మీదే ఆధారపడి ఉన్నందున గొడవ జరిగి, కొన్నిటిని ఉంచడానికి ఒప్పుకుంది. 2025లో ఫెడోరాలో అలాంటి ప్రతిపాదనే వచ్చింది. అది అమలైతే తమ ప్రాజెక్టు ముగిసినట్టేనని బజైట్ స్థాపకుడు అన్నారు. ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. రెండుసార్లూ మేం ఊపిరి పీల్చుకున్నాం, కానీ ఫెడోరావాళ్ల ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు: ఆ వందల ప్యాకేజీలను ఎవరు కట్టాలి, ఎవరు పరీక్షించాలి? పాత ఆటలు ఇంకా అమ్ముకుంటున్న సంస్థలు ఆ ప్రశ్న తమది కాదన్నట్టు ఉన్నాయి.

5. అలసిపోయిన మనిషి భద్రతకు ముప్పు.

2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే చిన్న కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. దాన్ని ఏళ్ల తరబడి ఒంటరిగా చూసుకుంటూ అలసిపోయిన నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ వచ్చిన ఒక అపరిచితుడు, రెండేళ్లకు పైగా నమ్మకం కూడగట్టుకుని ఆ పని చేశాడు. లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమని ఒక మైక్రోసాఫ్ట్ ఇంజనీరు అనుమానించబట్టి దొరికింది. మా డిస్ట్రోలో అప్‌డేట్ల మీద సంతకం చేసే తాళంచెవి ఇద్దరి దగ్గర ఉంది. వాళ్లలో ఒకరికి ఈ మధ్యే పాప పుట్టింది. ఈ మాట చెప్పి జాలి పుట్టించాలని కాదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిశాక, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్పు, కొత్త ప్రాసెసర్ లేని కంప్యూటర్లతో జనం మా వైపు వస్తున్నారు. ఆ కంప్యూటర్లలో ఆటలతోపాటు బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువులు కూడా ఉంటాయి. వాటికి వెళ్లే ప్రతి అప్‌డేట్ ఆ ఇద్దరి చేతుల మీదుగానే పోతుంది.

ఇక్కడ చాలామంది చెప్పే సులువైన జవాబు ఒకటి ఉంది: వాల్వ్ అంతా చూసుకుంటుంది కదా! వాల్వ్ చాలా చేసింది. మెసాలో గ్రాఫిక్స్ పనిని వేగవంతం చేసే ఏసీఓ కంపైలర్‌కు డబ్బు పెట్టింది. కోడ్‌వీవర్స్, కొలాబోరా, ఇగాలియా సంస్థల ఇంజనీర్లకు పని ఇచ్చింది. 2024లో ఆర్చ్ లినక్స్‌కు ప్యాకేజీలు కట్టే వ్యవస్థ కోసం, సంతకాల భద్రత కోసం ఆర్థికంగా అండగా నిలిచింది. అయితే 2015లో ఆర్భాటంగా వచ్చిన స్టీమ్ మెషీన్లు అనే ఆటల కంప్యూటర్లు కొన్నేళ్లకే కనుమరుగైన సంగతి కూడా గుర్తుంది. 2025 జులైలో ఇంటెల్ తన క్లియర్ లినక్స్ డిస్ట్రోను ఉన్నపళంగా ఆపేసింది. ఇంటెల్ అంతటి సంస్థే మనసు మార్చుకున్నప్పుడు, అందరి ఆటలూ ఒక్క దుకాణం దయ మీద నడవాలనడం తెలివైన పని కాదు. ఆ దుకాణంలో సరుకు పెట్టేవారందరికీ ఇందులో వాటా ఉంది.

మా తప్పులు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ లేఖ ఏకపక్షమవుతుంది. నలుగురు చేరగానే కొత్త పేరు, కొత్త బొమ్మతో ఇంకో డిస్ట్రో మొదలుపెట్టే జబ్బు మాలో ఉంది. మార్చిన కెర్నల్‌తో వచ్చిన దోషాన్ని అసలు కెర్నల్‌వారి మీద రుద్దినవాళ్లం ఉన్నాం. ఫ్రేములు అమాంతం పెరిగిపోతాయని ప్రచారం చేసుకున్నవాళ్లమూ ఉన్నాం. ఆట తయారుచేసిన చిన్న బృందాల మీద లినక్స్ పేరుతో దండెత్తి తిట్టిన వాడుకరులూ ఉన్నారు. ముగ్గురు మనుషులున్న స్టూడియోను పన్నెండు డిస్ట్రోల్లో పరీక్షించమనడం అన్యాయం. అలా అడగవద్దని మావారికి ఎప్పుడూ చెబుతూనే ఉన్నాం.

కాబట్టి పని ఇలా పంచుకుందాం. డిస్ట్రో మార్చిన కెర్నల్, ప్యాకేజీలు, ఇన్‌స్టాలేషన్, ఇవన్నీ మావి. వీటి కోసం మీ తలుపు తట్టం. ఆట లోపలి దోషం మీది. పరికరం లోపలి రహస్యం మీది. డబ్బు తీసుకున్నాక తలుపు మూస్తే ఆ లెక్కా మీదే. ఈ పద్ధతిలో మేము కోరేవి:

ప్రచురణ సంస్థలారా,

1. ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చూసి ఫిర్యాదు మూయకండి. అదే దోషం విండోస్‌లో వస్తుందో లేదో ఒక్కసారి చూడండి. రాకపోతే మాకు తిప్పి పంపండి, మేం చూసుకుంటాం.

2. ప్రతి డిస్ట్రోలో పరీక్షించనక్కర్లేదు. స్టీమ్ డెక్‌లో, అధికారిక ప్రోటాన్‌తో ఒకసారి నడిపి చూస్తే చాలు. అక్కడ నడిచినదాన్ని మిగతాచోట్ల నడిపించే పూచీ మాది.

3. లినక్స్‌లో ఆన్‌లైన్ ఆట ఆపాలనుకుంటే కనీసం 90 రోజుల ముందు, అమ్మకపు పేజీలోనే, పెద్ద అక్షరాల్లో చెప్పండి. అంతవరకూ అక్కడ ఆడినట్టు మీ లెక్కల్లో ఉన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వండి. ఆటలో కొన్న వస్తువులకూ ఇది వర్తించాలి.

యాంటీచీట్ తయారీదారులారా,

4. ప్రోటాన్‌లో నడిచినంత మాత్రాన ఖాతా నిషేధించే నియమం ఏ ఆటలో ఉందో బహిరంగంగా ప్రకటించండి. పొరపాటున నిషేధానికి గురైనవారి విన్నపాన్ని మనిషి చదవాలి. ఏ ఆటకు ప్రోటాన్ మద్దతు సిద్ధంగా ఉండి కూడా ప్రచురణ సంస్థ అడగలేదో, ఆ జాబితా కూడా ఇవ్వండి. అప్పుడు తప్పు మీ మీద పడదు.

పరికరాల కంపెనీలారా,

5. డ్రైవర్ మార్పులను నేరుగా అసలు కెర్నల్‌కు పంపండి. అంత తీరిక లేకపోతే బటన్ల సంకేతాలు, ఫ్యాన్, విద్యుత్ పరిమితుల పట్టికలైనా ప్రచురించండి.

6. బయోస్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లను ఎల్‌వీఎఫ్‌ఎస్ అనే ఫర్మ్‌వేర్ పంపిణీ సేవ ద్వారా ఇవ్వండి. లినక్స్‌లో అప్‌డేట్ చేసుకునే దారి అక్కడ సిద్ధంగా ఉంది, కొత్తగా కట్టనక్కర్లేదు.

7. మీ పరికరం మీద మా డిస్ట్రో బాగా నడుస్తుందని ప్రకటనల్లో చెప్పుకుంటే, వైన్, మెసా, కెర్నల్ ఇన్‌పుట్ డ్రైవర్లలో ఏదో ఒకదాని మీద ఒక ఇంజనీరును పూర్తి జీతంతో కూర్చోబెట్టండి. ఏ డిస్ట్రోకూ విరాళం అక్కర్లేదు. పునాదిలో పెట్టిన పని అందరికీ అందుతుంది.

హెచ్‌డీఎంఐ ఫోరమ్‌వారూ,

8. ఓపెన్ సోర్స్ డ్రైవర్‌కు అనుమతి ఇవ్వండి. ఇవ్వలేకపోతే కారణం రాసి ప్రచురించండి.

ఈ లేఖకు 60 రోజుల గడువు పెడుతున్నాం. వచ్చిన ప్రతి జవాబునూ, రానివారి పేర్లనూ మా వాడుకరుల ముందు ఉంచుతాం. ఎనిమిదింటిలో ఒక్కదానికి ఒప్పుకున్నా ఆ విషయమే ముందు చెబుతాం.

మాట్లాడదామనుకునే కంపెనీకి ఒక మనవి. లాగ్‌లు చదవడం వచ్చిన ఇంజనీరును పంపండి, ప్రచార విభాగం అక్కర్లేదు. చేతి పరికరం తయారుచేసినవారైతే ఆ సంకేతాల పట్టిక తెచ్చుకోండి. ఆ రెండు బటన్లకు మేం పంపిన సవరణ కెర్నల్‌వారి పరిశీలనలో ఉంది, అది నిజమేనని ధ్రువీకరించడానికి తయారీదారు సంతకం ఒక్కటి కావాలని వారు అడుగుతున్నారు.

ఇట్లు,
ఆటల లినక్స్ డిస్ట్రో సహాయ బృందం తరఫున
ఒక స్వచ్ఛంద కార్యకర్త